రెండు ఇనుముల పాకం

పాత కరీంనగర్ జిల్లా పొలిమేర దాటి మెట్‌పల్లి నుండి ఆర్మూరు వైపు పోయే దారికి చేరువలో కోనసముద్రం అనే పల్లె ఉన్నది. ఇప్పుడది నిజామాబాదు జిల్లాలోనిది. రెండు వందల యేండ్ల నాడు ఆ పల్లెలోని కొలుముల పేరు పారసీక దేశం వరకు వినిపించేది. అక్కడ పోసిన ఉక్కు ముద్దలను కొనుటకు పారసీక వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. పందొమ్మిదవ శతాబ్ది తొలి పాదంలో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను స్వయంగా చూచి, తాను చూచినదానిని వ్రాసిపెట్టినాడు. అతడు గమనించిన విశేషం ఒకటి ఉన్నది. కోనసముద్రం కమ్మరులు ఒక్క ఇనుముతో ఉక్కు చేసేవారు కారు. రెండు వేర్వేరు చోట్ల నుండి తెచ్చిన రెండు రకాల ఇనుమును ఒకే మూసలో పెట్టి, మట్టితో మూతి మూసి, గంటల తరబడి కాల్చి, తరువాత నెమ్మదిగా చల్లార్చేవారు. మన 'ఉక్కు' అనే మాటయే ఆంగ్లేయుల నోట 'వూట్జ్' అయినదని పండితులు చెప్పుదురు.

నేను ఈ ప్రసంగంలో చెప్పదలచినది ఇనుమును గురించి కాదు, సంగీతాన్ని గురించి. అయినను అది లోహం పేరు పెట్టుకొన్న సంగీతం. 'హెవీ మెటల్' అని దానికి లోకంలో వాడుక. మన యిండ్లలో పిల్లలు ఆ పాటలు పెట్టినప్పుడు పెద్దలు తలుపు వేసుకొనుట కద్దు. అది కేవలం చప్పుడే అని చాలామంది అభిప్రాయం. ఆ చప్పుడుకు అమెరికా నీగ్రో జాతివారి మనోధర్మ సంగీతమైన జాజ్‌ను కలిపి, రెండు ఇనుములను ఒక్క మూసలో కరిగించినట్లు కరిగించిన కొందరు యువకులు ఉన్నారు. వారు చేసిన పనికి 1993లో వెలువడిన 'ఫోకస్' అనే ఆల్బమ్ మంచి సాక్ష్యం. ఆ ఆల్బమ్ ఎట్లు పుట్టినదో, పుట్టినప్పుడు దానికి ఏమి గతి పట్టినదో, మన తెలుగువాని మాండొలిన్‌కు ఆ వంశవృక్షంలో ఏ కొమ్మతో చుట్టరికమో శ్రోతలకు మనవి చేయుటయే నా ఉద్దేశం.

ముందుగా రెండు మాటల అర్థం తేల్చుకొందము. మెటల్ సంగీతానికి ప్రాణం 'రిఫ్' అనేది. ఎలెక్ట్రిక్ గిటారు మీద, మంద్ర స్థాయిలో, బొంగురు నాదంతో మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చే చిన్న స్వరాల గుంపు అది. దంపుళ్ళ పాటలో రోకటి పోటు ఎట్టిదో, కొలిమి దగ్గర సమ్మెట దెబ్బ ఎట్టిదో, ఈ సంగీతంలో రిఫ్ అట్టిది. అది మారకుండా ఉండుటలోనే దాని బలం ఉన్నది. పదిసార్లు అదే పోటు పడితేనే వినేవాని గుండెకు ఆ బరువు తెలుస్తుంది.

జాజ్ స్వభావం దీనికి వేరు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ పట్టణంలోని నల్లజాతి ప్రజల మధ్య ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దాలలో రూపు కట్టిన ఈ సంగీతంలో వాద్యకారుడు ఒక రాగచ్ఛాయను, ఒక లయను ఆధారం చేసుకొని అప్పటికప్పుడు కల్పించుకొంటూ పోతాడు. మన కచేరీలో గాయకుడు నెరవు చేసి, కల్పన స్వరాలు వేసి తిరిగి ఎడుపు అందుకొన్నట్లే, జాజ్ వాద్యకారుడును విహరించి వచ్చి తన జట్టును కలిసికొంటాడు. నిన్న వాయించినట్లు నేడు వాయిస్తే అతనికి చిన్నతనం.

కాబట్టి పైకి చూస్తే ఈ రెండింటికి పొత్తు కుదరదు. ఒకదానికి మారకపోవుట గుణం, మరియొకదానికి మారుట గుణం. రిఫ్ మీద జాజ్ వాద్యకారుడు యథేచ్ఛగా విహరిస్తే రిఫ్ బరువు తేలిపోతుంది. అతని చేతులు కట్టివేస్తే జాజ్ చచ్చిపోతుంది. ఈ చిక్కును విప్పుటకు దాదాపు పాతిక యేండ్లు పట్టినది.

విచిత్రమేమనగా, భారీ రిఫ్ పుట్టుకలోనే ఒక జాజ్ కళాకారుని చేయి ఉన్నది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల పట్టణం. అక్కడ 1965లో టోనీ అయోమీ అనే పదునేడేండ్ల యువకుడు రేకుల కర్మాగారంలో పని చేసేవాడు. అతడు గిటారు వాయించేవాడు. ఉద్యోగం మానుకొని వాద్యబృందంతో వెళ్ళిపోవలసిన చివరి దినాన, యంత్రం క్రింద అతని కుడిచేతి నడిమి వ్రేలు, ఉంగరపు వ్రేలు కొసలు తెగిపోయినవి. అతడు ఎడమచేతివాటం వాడు కనుక తీగలను నొక్కిపట్టే చేయి అదే. వాద్యం ఇక లేదనుకొని కూర్చున్న వానికి ఆ కర్మాగారంలోని అధికారి ఒకరు ఒక గ్రామఫోను రికార్డు తెచ్చి వినిపించినాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే యూరపు జాజ్ గిటారు విద్వాంసునిది. 1928లో బండి యింటికి నిప్పంటుకొని రైన్‌హార్ట్ ఎడమచేతి వ్రేళ్ళు రెండు పనికిరాకుండ పోయినవి. మిగిలిన వ్రేళ్ళతోనే అతడు లోకప్రసిద్ధుడైనాడు.

ఆ రికార్డు విన్న అయోమీ మనసు మార్చుకొన్నాడు. ప్లాస్టికు సీసాను కరిగించి వ్రేళ్ళ కొసలకు తొడుగులు చేసికొన్నాడు. గట్టి తీగలను నొక్కలేక పలుచని తీగలు కట్టినాడు. తరువాత కొంత కాలానికి శ్రుతిని దించి తీగలను వదులు చేసినాడు. శ్రుతి దిగేసరికి నాదం చీకటిగా, బరువుగా మారినది. అతని 'బ్లాక్ సాబత్' బృందం తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వెలువడినది. మెటల్ సంగీతానికి అదే ఆరంభమని చరిత్రకారులలో ఎక్కువ మంది అంగీకరిస్తారు. రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి గనులలో పనిచేసే కుటుంబాల వారికి ఈ కథను వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. యంత్రానికి వ్రేలు అప్పగించిన కార్మికుడు మన ఎరుకలోని మనిషే.

అదే కాలంలో లండనులో మరియొక ప్రయత్నం జరిగినది. 1969 అక్టోబరులో 'కింగ్ క్రిమ్సన్' అనే బృందం తన మొదటి ఆల్బమ్‌ను వెలువరించినది. దానిలోని మొదటి పాటలో గిటారు, శాక్సఫోను కలిసి ఒక భారీ రిఫ్‌ను వినిపిస్తవి. నడుమ హఠాత్తుగా వేగం హెచ్చి, వాద్యాలన్నీ జాజ్ ధోరణిలో ఒక్క పరుగున పోయి, చివరకు మొదటి బరువులోనికే వచ్చి పడతవి. బరువైన సంగీతమును స్వేచ్ఛగల సంగీతమును ఒకే పాటలో ఇరుగుపొరుగున కూర్చుండబెట్టవచ్చునని ఆ పాట చూపినది. అయినను అవి ఇంకను పక్కపక్కన ఉన్నవే గాని కరిగి ఒక్కటి కాలేదు.

కరిగించుటకు కావలసిన వేడి జాజ్ వైపు నుండి వచ్చినది. 1960ల చివరి యేండ్లలో అమెరికా జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందంలోనికి ఎలెక్ట్రిక్ వాద్యాలను చేర్చుకొన్నాడు. ఆ సమయాన ఇంగ్లండు నుండి వచ్చి అతనితో వాయించిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్. 1942లో డాన్‌కాస్టరులో పుట్టినవాడు. డేవిస్ 'బిచెస్ బ్రూ' ఆల్బమ్‌లో ఒక రచనకు అతని పేరే పెట్టినాడంటే అతనిమీద డేవిస్‌కు ఉన్న గౌరవం తెలుస్తున్నది. 1971లో మెక్లాఫ్లిన్ తన స్వంత బృందాన్ని స్థాపించి దానికి 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' అని పేరిడినాడు. మహావిష్ణు అనేది అతని గురువు శ్రీ చిన్మయ్ ఇచ్చిన నామం. డ్రమ్ములు వాయించిన బిల్లీ కోభమ్ పనామా దేశంలో పుట్టినవాడు. పియానో వంటి మీట వాద్యాలను వాయించిన యాన్ హామర్ చెకొస్లోవేకియా నుండి వచ్చినవాడు.

వారి తొలి ఆల్బమ్‌లో 'ది డాన్స్ ఆఫ్ మాయా' అనే రచన ఒకటి కలదు. మాయానర్తనం అని మనం అనుకొనవచ్చును. దానిలోని ప్రధానమైన రిఫ్ పది మాత్రల లెక్కలో నడుస్తుంది. మనకు ఖండ చాపు అలవాటే కనుక పది అనగానే రెండు ఐదులని చెవి పసికడుతుంది. నాలుగింటి లెక్కకే అలవాటుపడిన పాశ్చాత్య జనసామాన్యానికి మాత్రం అది కొత్త. చిక్కు విడిపోయిన స్థానం ఇక్కడే ఉన్నదని నా మనవి.

అది ఎట్లో చూడండి. ఒక రిఫ్‌కు ఏడు మాత్రలు ఉన్నవనుకొందము. డ్రమ్ములవాడు దాని క్రింద నాలుగింటి తాళం వేస్తూ పోతున్నాడు. మొదటి దెబ్బకు ఇద్దరు కలిసి బయలుదేరినారు. రిఫ్ రెండవసారి మొదలయ్యే వేళకు అతని తాళం వేరొక చోట ఉన్నది. మూడవసారికి మరియొక చోట. ఇరువది ఎనిమిది మాత్రలు గడిచినాక గాని ఇద్దరు మళ్ళీ ఒక్క దెబ్బ మీద కలియరు. గిటారు స్వరం ఒక్కటియు మారలేదు. అయినను ప్రతి ఆవృత్తంలో బరువు వేరొక స్వరం మీద పడుటచే రిఫ్ కొత్తగా వినిపించినది. మారనిది మారినట్లు తోచుట! మృదంగ విద్వాంసుడు కోర్వై కట్టి సమానికి తెచ్చునప్పుడు మన సభ అనుభవించే ఆనందం ఇట్టిదే. రిఫ్ తన బరువును వదలనక్కర లేదు, జాజ్ తన స్వేచ్ఛను వదలనక్కర లేదు. రెండింటిని లెక్క కట్టి కలిపే లయ దొరికినది. 'ప్రోగ్రెసివ్' అనే విశేషణం తగిలించుకొన్న మెటల్ సంగీతానికి ఇటువంటి విషమ లయలే ముఖ్య లక్షణమైనవి.

మెక్లాఫ్లిన్ ఈ లెక్కలను ఊహ మీద మాత్రమే తెచ్చుకొనలేదు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ నేర్చినాడు. 1970ల మధ్యలో వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, ఘట విద్వాంసుడు వినాయకరామ్ గార్లతో 'శక్తి' అనే బృందాన్ని ఏర్పరచినాడు. ఆ బృందం కొన్నేండ్లకు విడిపోయి, 1997లో 'రిమెంబర్ శక్తి' అనే పేర తిరిగి మొదలైనది. కొద్ది కాలానికే దానిలో మన తెలుగువాడు చేరినాడు. ఆయనే మాండొలిన్ శ్రీనివాస్.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించినారు. ఆరేండ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్‌ను చేతికి తీసికొన్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండొలిన్ వాయించేవారు కారు. వారు పాడుట, పిల్లవాడు ఆ పాటను తీగపైకి తెచ్చుకొనుట, పాఠం అట్లు సాగినది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భాన తొలి కచేరి జరిగినది. మాండొలిన్ పాశ్చాత్య వాద్యం, జంట తీగలది, గమకానికి లొంగనిది. శ్రీనివాస్ దానిని అయిదు ఒంటి తీగల ఎలెక్ట్రిక్ వాద్యంగా మార్చి గమకాన్ని పలికించినారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన వాయించినప్పుడు వయసు పదునాలుగేండ్లే. జాజ్ వినవచ్చిన సభ త్యాగరాజ కృతులను ఆదరించినది. తరువాత మెక్లాఫ్లిన్ పక్కన కూర్చుండి 'ది బిలీవర్', 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' ఆల్బమ్‌లలో ఆయన పలికించిన తీగ, భారీ గిటారు వంశానికి మన గోదావరి జిల్లాల వైపు నుండి కలిసిన పాయ. 2014 సెప్టెంబరు 19న నలుబది అయిదేండ్లకే ఆయన చెన్నైలో కన్నుమూసినారు.

ఇక మనం 'ఫోకస్' ఆల్బమ్ పుట్టిన చోటికి పోవుదము. అమెరికా ఆగ్నేయ కొసన ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం 1980ల చివరలో 'డెత్ మెటల్' అనే అతి కఠినమైన శాఖకు పుట్టినిల్లయినది. అందులో గాయకుడు పాడడు, గర్జిస్తాడు. ఆ శాఖకు ఆద్యులలో ఒకడైన చక్ షుల్డినర్ తన 'డెత్' బృందం కోసం 1991లో 'హ్యూమన్' అనే ఆల్బమ్ చేసినాడు. దానిలో గిటారు వాయించిన పాల్ మాస్విడాల్, డ్రమ్ములు వాయించిన షాన్ రైనర్ట్ ఇరువదేండ్ల ఈడువారు. చిన్ననాటి స్నేహితులు. 1987లోనే మయామీలో 'సినిక్' అనే బృందాన్ని కట్టుకొన్నవారు. పగలు భారీ రిఫ్‌లు సాధన చేసి, రాత్రి మహావిష్ణు ఆర్కెస్ట్రాను, అలన్ హోల్డ్స్‌వర్త్ అనే ఆంగ్లేయ జాజ్ గిటారు విద్వాంసుని వినే బాపతు అని వారిని చెప్పవచ్చును.

వారు ఒంటరివారు కారు. అదే ఫ్లోరిడాలో 'ఏథియిస్ట్' అనే బృందం 1991లో ఇట్టి పాకమునే ప్రయత్నించినది. ఆ ఆల్బమ్‌కు పునాది వేసిన బాస్ గిటారు కళాకారుడు రోజర్ ప్యాటర్సన్ ఆ సంవత్సరం ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో మరణించినాడు. అతని స్థానంలో ఆల్బమ్‌ను పూర్తి చేసినవాడు టోనీ చోయ్, సినిక్ బృందంలో పనిచేసినవాడే. ఒక కొలిమిలోని నిప్పు మరియొక కొలిమికి పోయినట్లు ఈ యువకులు ఒకరికొకరు తోడైనారు.

సినిక్ బృందం తన మొదటి ఆల్బమ్‌ను ధ్వనిముద్రణ చేయవలసిన తరుణంలో 1992 ఆగస్టు 24న 'ఆండ్రూ' అనే తుపాను దక్షిణ ఫ్లోరిడాను తాకినది. బృందంలోని రెండవ గిటారు కళాకారుడు జేసన్ గోబెల్ ఇల్లు, వారు సాధన చేసుకొనే చోటు ధ్వంసమైనవి. పని నెలల తరబడి వెనుకబడినది. ఆ వ్యవధిలో వారు తమ రచనలకు మెరుగు పెట్టుకొన్నారు. టాంపా పట్టణంలోని మోరిసౌండ్ స్టూడియోలో స్కాట్ బర్న్స్ పర్యవేక్షణలో ధ్వనిముద్రణ జరిగి, 1993 సెప్టెంబరులో 'ఫోకస్' వెలువడినది.

ఎనిమిది రచనలు, మొత్తం ముప్పది ఆరు నిమిషాలు. మొదటి రచన పేరు 'వెయిల్ ఆఫ్ మాయా', అనగా మాయాయవనిక. ఇరువది రెండేండ్ల ముందు మెక్లాఫ్లిన్ వ్రాసిన మాయానర్తనం మనకు జ్ఞాపకం రాక మానదు. పాట మొదట కఠినమైన రిఫ్ వస్తుంది. దానితో టోనీ టీగార్డెన్ గర్జన. అంతలోనే తెర తొలగినట్లు గిటారు బొంగురు వదలి నిర్మలమైన నాదంతో జాజ్ స్వరకూటాలను పలుకుతుంది. మాస్విడాల్ కంఠం వోకోడర్ అనే యంత్రం గుండా మనుష్య స్వరమో వాద్య స్వరమో తెలియనట్లు వినిపిస్తుంది. రేడియోగల కుటుంబాల వారికి ఈ యంత్రం చరిత్ర ఆసక్తి గొలుపవచ్చును. మాటను టెలిఫోను తీగలపై పొదుపుగా పంపుటకై అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ 1930లలో కనిపెట్టిన సాధనమది. సంభాషణ కొరకు పుట్టి సంగీతానికి ఉపయోగపడినది.

బాస్ విభాగం షాన్ మలోన్‌ది. అతడు బాస్ గిటారుతో పాటు 'చాప్‌మన్ స్టిక్' అనే వాద్యమును వాయించినాడు. గిటారును ఒక చేత నొక్కి, మరొక చేత మీటుతారు గదా. స్టిక్ మీద రెండు చేతుల వ్రేళ్ళును తీగలను తట్టి పలికిస్తవి. దానిని రూపొందించిన ఎమెట్ చాప్‌మన్ జాజ్ గిటారు కళాకారుడు. ఆల్బమ్‌లో మాటలు లేకుండ వాద్యాలతో మాత్రమే సాగిన 'టెక్స్చర్స్' అనే రచనను వింటే బృందం సాధించినది స్పష్టపడుతుంది. రైనర్ట్ డ్రమ్ములపై పెద్ద దెబ్బల నడుమ చెవికి అందీ అందని చిన్న దెబ్బలను పొదుగుతాడు. కంచు పళ్ళేల మీద జాజ్ నడకను సాగిస్తాడు. గిటారులు నడకను నిలుపుతవి. వినేవానికి ఇది రిఫ్, ఇది జాజ్ అని గీత గీయుట సాధ్యపడదు. ఇరుగుపొరుగున కూర్చున్న రెండు సంగీతాలు ఇక్కడ కరిగి ఒక్కటైనవి.

మరి లోకం ఏమన్నది? 1994లో సినిక్ బృందం అమెరికాలో 'కానిబల్ కార్ప్స్' అనే డెత్ మెటల్ బృందంతో పర్యటించినది. వచ్చిన ప్రేక్షకులు గర్జన వినుటకు వచ్చినవారు. వేదిక మీద యంత్రకంఠం, జాజ్ స్వరకూటాలు వినిపించేసరికి వారు ఓర్వలేకపోయినారు. అసహనాన్ని దాచుకొననూ లేదు. జాజ్ వినే పెద్దమనుషులు అట్టి వేదిక చెంతకు రానేరారు. రెండు ఇండ్ల చుట్టానికి ఏ యింటను విస్తరి వేయలేదు. ఆ సంవత్సరమే బృందం విడిపోయినది. ఒక్క ఆల్బమ్‌తో కథ ముగిసినట్లే కనిపించినది.

కాని రికార్డు మిగిలినది. ఒకరి నుండి ఒకరికి చేతులు మారినది. దానిని విన్న పిల్లలు పెద్దవారై తాము వాద్యాలు పట్టినారు. పదేండ్లు తిరిగేసరికి ప్రోగ్రెసివ్ మెటల్ వాయించే కొత్త బృందాలు ఆ ఆల్బమ్‌ను తమ పాఠ్యగ్రంథమని చెప్పుకొన్నవి. 2004లో దానిని మెరుగుపరచి తిరిగి విడుదల చేసినారు. 2007లో బృందం మళ్ళీ వేదిక ఎక్కినది. 2008లో 'ట్రేస్డ్ ఇన్ ఎయిర్' అనే రెండవ ఆల్బమ్ వచ్చినది. మొదటి ఆల్బమ్‌కు రెండవదానికి నడుమ పదునైదేండ్ల మౌనం! యౌవనంలో దక్కవలసిన ఆదరణ నడివయసులో దక్కినది. ఆ పిమ్మట కాలం ఎక్కువ మిగలలేదు. 2020 జనవరిలో షాన్ రైనర్ట్, అదే యేడు డిసెంబరులో షాన్ మలోన్ మరణించినారు. ఇద్దరిదియు పెద్ద వయసు కాదు. మాస్విడాల్ 2021లో బృందం పేరిట మరొక ఆల్బమ్ వెలువరించినాడు.

నేను ఈ ఆల్బమ్‌ను మొదట విన్నది కరీంనగర్‌లో చదువుకొనే రోజులలో. గోదావరిఖని నుండి వచ్చిన సహాధ్యాయి ఒకడు ఎవరి దగ్గరనో నకలు తీసిన క్యాసెట్టును తెచ్చినాడు. వోకోడర్ కంఠం వినగానే టేపు చిక్కుపడినదనుకొని యంత్రం ఆపి, పెన్సిలు పెట్టి టేపును త్రిప్పి, మళ్ళీ పెట్టినాను. కంఠం మారలేదు. నవ్వుకొని పక్కన పెట్టినాను. వారం తరువాత అతడు మళ్ళీ వినుమన్నాడు. మూడవసారి వింటున్నప్పుడు, ఎందుకో, నోట తకిట తకధిమి లెక్క పలికినది. రిఫ్ ఏడింటిలో తిరుగుతున్నదని తెలిసినది. ఆ క్షణం నుండి అది చప్పుడు కాలేదు. 1994లో ఆ ప్రేక్షకులు చూపిన అసహనం నేను మా గదిలో చూపినదే. వారికి మూడవసారి వినే అవకాశం లేదు. నాకు క్యాసెట్టు ఉన్నది. భేదం అంతే.

ఈ అనుభవం తరువాత మన ప్రాంతపు వాద్యాలు నాకు మరొక విధంగా వినిపించినవి. వేములవాడ దగ్గర హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు గారి వంటి ఒగ్గు కథకులు మల్లన్న కథ చెప్పేటప్పుడు డోలు దెబ్బ బరువు నేల అదరజేస్తుంది. అయినను కథకుడు సభను చూచి అప్పటికప్పుడు కథను పెంచుతాడు, త్రుంచుతాడు. డోలు అతనిని వెన్నంటి పోవలసినదే. ఆదిలాబాదు గోండు గూడేలలో దీపావళి నాళ్ళ దండారి వేళ డప్పు, తుడుం, పెప్రె కలిసి మ్రోగుతుండగా నెమలిపింఛాల కిరీటం దాల్చిన గుస్సాడీలు అడుగు వేస్తారు. ఆ నృత్యానికి 2021లో పద్మశ్రీ గౌరవం తెచ్చిన మార్లవాయి వాసి కనకరాజు గారు 2024లో స్వర్గస్థులైనారు. మ్రోత ఒక్కటే తీరున మ్రోగుతుంది. ఆడేవాని అడుగు దానిపై స్వేచ్ఛగా పడుతుంది. బరువును స్వేచ్ఛను కలుపుట మనకు పరాయి విద్య కాదు. ఆ పిల్లలు ఫ్లోరిడాలో వెతుకులాడినదానికి దగ్గరిది మన గూడేల ముంగిళ్ళలో ఉన్నది.

కోనసముద్రం కొలుములు చల్లారి చాల కాలమైనది. రెండు ఇనుములను ఎంత పాలు కలిపినారో, ఎంత సేపు కాచినారో చేతితో చేసి చూపగలవారు నేడు లేరు. వాయిసీ వ్రాసిన కాగితం ఉన్నది గాని అది చేయి కాదు. సంగీతం విషయంలో మనం అదృష్టవంతులం. 1993 నాటి పాకం చెడలేదు. ముద్రణలో అట్లే ఉన్నది. ఎవరైనను విని నేర్చుకొనవచ్చును. మన డోలు విద్వాంసుల, గుస్సాడీ వాద్యకారుల చేతి విద్యను కూడ అంత శ్రద్ధగా ముద్రించి పెట్టుట మా బోటి వారి విధి.

శ్రోతల వైపు నుండి కోరదగినది ఒక్కటే. ఈ సాయంకాలం మీ యింటి పిల్లవాడు ఏదేని భారీ గిటారు సంగీతం పెట్టితే, తలుపు మూయుటకు ముందు ఒక్కసారి వ్రేళ్ళ మీద మాత్రలు లెక్కించి చూడండి. ఐదో, ఏడో, పదో తేలినచో పిల్లవానిని పిలిచి అది ఖండమో మిశ్రమో చెప్పండి. అతనికిని అది కొత్త సంగతి కావచ్చును.